బండి నడిపినవాడు

“బండి నడిపింది నేనేనమ్మా” అన్నాడు మాజీ సైనికుడు, ఎన్నోసారో.

లాయరు పెన్ను మూసేసింది. ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో ఆమె గది రెండు కుర్చీలకే ఇరుకు. మూడో కుర్చీ గుమ్మంలో వేసుకుని ఆయన భార్య కూర్చుంది.

“ఈయనా? నడపడమా?” భార్య నుదురు కొట్టుకుంది. “సైకిలెక్కితే దిగడం రాదు ఈయనకి. సైన్యంలో చేసింది వంట. గరిట తప్ప ఇంకేం తిప్పలేదమ్మా.”

“నువ్వూరుకోవే.”

“ఊరుకునే కదా ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ అంట్లు తోముతున్నా.”

లాయరుకు నవ్వు రాలేదు. అప్పుడెప్పుడో కొండదారిలో సైన్యం ట్రక్కు లోయలో పడింది. డ్రైవరు పోయాడు. పక్కన కూర్చున్న ఈ వంటాయనకు మోకాలి కింద కాలు పోయింది. అనుమతి లేకుండా బండి తీసి, అడ్డదిడ్డంగా నడిపినవాడిదే తప్పన్నారు అధికారులు. తప్పు చేసినవాడికి చిల్లిగవ్వ రాదు. ఆస్పత్రి మంచం మీద నుంచే ఈయన “నడిపింది నేనే” అన్నాడు. దాంతో డ్రైవరు భార్యకు పింఛను వచ్చింది. ఈయనకు కట్టుడు కాలు మిగిలింది.

ఇప్పుడు ఆ కాలు తగిలించుకునే చోట పుండు పడింది. హోటల్లో పొయ్యి దగ్గర నిలబడలేక పని పోయింది. అంగవైకల్య పరిహారానికి ట్రిబ్యునల్ ఇచ్చిన ఆఖరి అవకాశం రేపే.

“బాబాయ్, ఆ డ్రైవరు ఇంట్లోవాళ్ళకి ఇప్పుడు ఆ పింఛనుతో పని లేదేమో.”

“లేదని నీకెలా తెలుసు?”

లాయరు ఫైల్లో డ్రైవరు పేరు మీద వేలు ఆన్చి, తీసేసింది.

“ఉన్నమాట చెప్పండి, చాలు. మీరు అక్కడ అబద్ధమాడితే నేనేం చేయలేను. మీ మాట అబద్ధమని మీ లాయరే అనడానికి లేదు.”

“సరేలే తల్లీ” అన్నాడు ఆయన. భార్య ఆ ‘సరే’ను కొంగున కట్టుకున్నట్టు తీసుకుని వెళ్ళింది.

మర్నాడు ట్రిబ్యునల్లో పెద్దాయన మెత్తగానే అడిగాడు. “మీరు వంటవారు కదా. బండి నడిపింది మీరేనా? బాగా ఆలోచించి చెప్పండి.”

తలుపు బార్లా తీసి రమ్మన్నట్టుంది ఆ ప్రశ్న. భార్య రెండు చేతులూ జోడించింది. ఆయన బల్ల పట్టుకుని లేచి, వెన్ను నిటారుగా చేశాడు.

“నేనే నడిపాను సార్.”

“నడపడం వచ్చా మీకు?”

“రాదు సార్. అందుకే పడింది.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. లాయరు లేచింది. నోరు తెరిచింది.

“మీరేమైనా చెప్పాలా?” అన్నాడు పెద్దాయన.

“లేదండీ.” కూర్చుంది.

కేసు కొట్టేశారు.

వరండాలో భార్య ఏడవలేదు. “కడుపు నిండిందా? పదండి, ఇక ఒంటికాలి మీద నిలబడి తిప్పండి ఆ గరిట” అని, వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయింది.

ఆయన గోడకు ఆనుకున్నాడు.

“కోపం వచ్చిందా అమ్మా?”

“ఎందుకు బాబాయ్? ఎవరికోసం?”

“లోయలో కాసేపు వాడికింకా ఊపిరుంది. నీళ్ళు కూడా అడగలేదు. ‘కూతురు పుట్టిందట అన్నా, నేనింకా చూడలేదు’ అన్నాడు. మీ నాన్న చావు ఆయన చేజేతులా తెచ్చుకున్నదేనని ఆ పిల్ల వినాలా? అదీ నా నోటి నుంచి?”

ఆ పిల్ల నల్లకోటు విప్పి భుజాన వేసుకుని, ఆయన చేయి పట్టుకుని మెట్లు దింపింది.