రాజుకు రాని పద్యం

“ఆ ఏడుపు కాదు బాబూ!”

షెడ్డు చివర నుంచి వచ్చిందా మాట. హార్మోనియం ఆగిపోయింది.

చిలకలూరిపేట దగ్గర పల్లె అది. యాభై తొమ్మిది వేసవి. పత్తి పని అయిపోయి జిన్నింగు మిల్లు మూతపడితే, దాని షెడ్డులో తిరునాళ్ళ నాటకానికి రిహార్సల్సు వేస్తున్నారు.

రాజు వేషం పానకాలుది. మంచి గాత్రమున్న రైతుబిడ్డ. రాణి వేషానికి చీరాల నుంచి సామ్రాజ్యాన్ని పిలిపించారు.

రాణి అంటే పంచప్రాణాలైన రాజు ఒట్టి అనుమానంతో ఆమె గొంతు నులిమేస్తాడు. ఆమె తప్పేమీ లేదని తెలిశాక శవం పక్కన పద్యం పాడి, పొడుచుకుని చస్తాడు. అదీ నాటకం.

ఆ పద్యం దగ్గరే అడ్డుపడ్డాడు ఆ మనిషి.

బక్కపల్చగా ఉన్నాడు. జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది. మధ్యాహ్నం బస్సు దిగి వచ్చి, ఎవరినీ పలకరించకుండా షెడ్డులో ఓ మూల కూర్చున్నాడు.

“ఎవడ్రా నువ్వు?” హార్మోనియం దగ్గర నుంచే అరిచాడు నాటక సమాజం పెద్ద మాలకొండయ్య. “ఈ పద్యానికి పేటలో మూడుసార్లు వన్స్‌మోర్ కొట్టారు, తెలుసా?”

“పాట బాగుందండి. ఆలిని పోగొట్టుకున్నవాడైతే పాడతాడు. వీడు చంపినవాడు. గొంతు పెగలదు.”

పానకాలు కిరీటం తీసి పక్కన పెట్టాడు. “మరేం చేస్తాడు?”

“లేపుతాడు.”

“శవాన్నా?”

“శవమని చెవికి తెలిసింది బాబూ, ఒంటికి తెలియలా. లే, పొద్దెక్కింది అంటాడు. జుట్టు సర్దుతాడు. కోపమొచ్చిందా అని అడుగుతాడు. ఎంతకీ పలక్కపోతే అప్పుడు తన చేతులు చూసుకుంటాడు.”

 పానకాలుకు ఇంకా సందేహం తీరలేదు.

“అంత ప్రేమించినవాడు చంపడం ఏంటండీ? నాకు మొదట్నుంచీ అదే అంతుపట్టడం లేదు.”

ఆ మనిషి తల దించుకునే చెప్పాడు.

“ప్రేమని వాడనుకున్నాడు. ఆమె నవ్వితే ఎవర్ని చూసి నవ్విందోనని కుమిలాడు. కంటతడి పెడితే ఎవడి కోసమోనని మండాడు. ఆమెకేం కావాలో ఒక్కనాడూ అడగలా. వాడు మోహపడింది తన మీద తనే బాబూ. అందుకని వాడి మీద జనానికి జాలి పుట్టించమాకు. అది పాపం.”

“చాల్లేవోయ్!” మాలకొండయ్య లేచి వచ్చాడు. “రాజు మీద జాలి లేకపోతే జనం నాటకం ఎందుకు చూస్తార్రా, నీ మొహం చూడ్డానికా?”

మెడ మీద చెయ్యి వేసి బయటికి గెంటాడు.  ఆ మనిషి గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి, సామ్రాజ్యం వైపు చూశాడు.

రిహార్సలు ఆగితే చాలు, లేచి మంచినీళ్ళడిగే మనిషి సామ్రాజ్యం. ఆవేళ చాప మీద శవంలా అలాగే పడుకుని ఉంది.

“ఆయన చెప్పినట్టు చెయ్యండి పానకాలు గారూ,” అంది, కళ్ళు తెరవకుండానే.

తిరునాళ్ళనాడు ఊరు ఊరంతా కదిలి వచ్చింది.

రాణిని చంపే ఘట్టం అయింది. మాలకొండయ్య రాగం అందించాడు. పానకాలు నోరు తెరిచాడు. పద్యం రాలేదు.

వంగి ఆమె భుజం తట్టాడు.

“లే. పొద్దెక్కింది.”

హార్మోనియం తడబడి ఆగింది. నుదుటి మీద పడ్డ జుట్టు వెనక్కి సర్దాడు. “కోపమొచ్చిందా?” అన్నాడు. తర్వాత చేతులు రెండూ దీపం వెలుగులోకి చాపి చూసుకున్నాడు.

చప్పట్లు లేవు, ఈలలు లేవు. ఆడవాళ్ళలోంచి ఓ ముసలమ్మ లేచింది.

“చంపి ఇప్పుడు లేపుతున్నావేంట్రా, ముదనష్టపోడా!”

తెర దించాక మాలకొండయ్య తిట్టడానికే వచ్చాడు. పానకాలు మొహం చూసి మాట మార్చుకున్నాడు.

“ఇన్నేళ్ళుగా ఆడిస్తున్నాను. ఇట్లాంటి రాజును నేనూ చూళ్ళేదురా. ఎవరో ఏమో, పెద్ద నటుడై ఉంటాడు. అనవసరంగా చెయ్యి చేసుకున్నా.”

“రేపు వెతికి కాళ్ళకు దండం పెడతాను,” అన్నాడు పానకాలు.

వెతికే పని లేకపోయింది. పొద్దున్నే మిల్లు కాపలాదారు సిలార్ పరుగెత్తుకొచ్చాడు.

జనం కూర్చున్న మైదానం అంచున, పత్తి బస్తాలకు జారబడి ఉన్నాడా మనిషి. నాటకం చివరిదాకా చూసినట్టే ఉంది. ఒళ్ళు చల్లబడిపోయింది.

“నిద్రపోతున్నాడనుకుని లేపబోయానండీ,” అన్నాడు సిలార్.

“దిక్కులేని శవం. పంచాయతీకి కబురు పెట్టండి,” అన్నారెవరో.

“దిక్కు లేకపోవడమేంటి?” పానకాలు ముందుకొచ్చాడు. “నాకు గురువు. కొరివి నేనే పెడతా.”

చీరాల బస్సు కోసం నిలబడ్డ సామ్రాజ్యం పెట్టె అక్కడే వదిలేసి వచ్చింది. చెవుల పక్కన రంగు ఇంకా పోలేదు. జనాన్ని తప్పించుకుని వచ్చి శవం పక్కన కూర్చుంది.

“ఈయన్ని మీరెరుగుదురా అమ్మా?” అడిగాడు పానకాలు.

“ఆ రోజు గొంతు వినగానే తెలిసింది.”

“మరి పలకరించలేదేం?”

“పలకరిస్తే క్షమించాల్సొస్తుందేమోనని.”

 సామ్రాజ్యం ఆయన సగం తెరిచిన కళ్ళు మూసింది. ఆమె కంట నీరు లేదు.

“గురువని మీరు కొరివి పెట్టొద్దు పానకాలు గారూ,” అంది. “మా అమ్మను చంపి జైలుకెళ్ళిన మనిషి. నాకు నాన్న.”