గుర్రుమనని మంట

బర్నర్ గుర్రుమంది.

ఆమె చప్పున మంట వైపు చూసింది.

బాయిలర్ గదిలో బర్నర్‌కున్న చిన్న అద్దంలోంచి మంటను కనిపెట్టుకుని ఉండడమే ఆమె పని. గాలి సుడి తిరుగుతూ లోపలికి పోవాలి, ఆ సుడి నడుమ మంట బుద్ధిగా నిలబడాలి. ఈమధ్య మంట తగ్గించినప్పుడల్లా సుడి తూలుతోంది. తాగినవాడిలా గోడలు రాసుకుంటూ తిరుగుతోంది. అప్పుడే వస్తుంది ఆ గుర్రు.

"బాబాయ్, మేనేజరు గారికి చెబుదామా?" అని తనతో పనిచేసే పెద్దాయన్ని అడిగింది.

"చెప్పు, చెప్పు. పాడుచేసింది మనమేనని ఇద్దర్నీ ఇంటికి పంపిస్తారు. హాయిగా ఈగలు తోలుకుందాం."

పక్క షెడ్డులో అలాగే ఇద్దరి పని ఊడింది. ఆమె మళ్లీ అద్దం వైపు తిరిగింది.

అంతలో గుమ్మంలో ఎవరో కొత్త మనిషి. నలిగిన చొక్కా, నిద్రలేని కళ్లు.

"తనిఖీకి వచ్చినట్టున్నాడే! మంట పెంచు!" అన్నాడు బాబాయి.

ఆమె గబగబా పెంచింది. గుర్రు అణిగిపోయింది. పెద్దవాళ్లెవరొచ్చినా ఈ ఇద్దరూ చేసే పనే అది.

ఆయన బర్నర్ దగ్గర చెవి ఒగ్గి చాలాసేపు నిలబడ్డాడు.

"ఇది గుర్రుమంటుందా తల్లీ?"

"లేదండీ."

"ఎప్పుడూ?"

"మా ఆవిడ నోరైనా లేస్తుంది గానీ దీని నోరు లేవదండీ," అన్నాడు బాబాయి.

ఆయన నవ్వలేదు. ఆమె వంకే చూశాడు.

"భయపడకమ్మా. నిజం చెప్పు."

ఆ మాటకే ఆమెకు ఇంకా భయం వేసింది. తల అడ్డంగా ఊపింది.

ఆయన వెళ్లిపోయాడు.

"గండం గడిచింది," అంటూ బాబాయి మంట తగ్గించాడు.

ఈసారి గుర్రు కాదు, గది గదంతా అదిరింది. మంట వెనక్కి తిరిగి బర్నర్ గొంతులోకి దూరింది. అద్దం భళ్లున పగిలింది.

దాని ఎదురుగా బాబాయి ఉన్నాడు.

ప్రాణానికి భయం లేదు, కళ్లు మాత్రం దక్కవన్నారు డాక్టర్లు.

ఆస్పత్రి వరండాలో మేనేజరు ముందు ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.

"తనిఖీకొచ్చిన ఆయనకి అబద్ధం చెప్పాం సార్! మంట పెంచేసి, గుర్రు వినబడకుండా చేశాం."

మేనేజరు బెంచీ మీద కూలబడ్డాడు.

"తనిఖీ ఏమిటమ్మా? ఆ బర్నర్‌లో లోపం ఉందని ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మకపోతే, ఒక్కచోటైనా ఆ గుర్రు వింటే చాలు, అలాంటివన్నీ ఆపిస్తానని ఊరూరా తిరుగుతున్నాడు, దాన్ని తయారుచేసిన మనిషి."