కొత్త టైర్లు

అన్న టేబుల్ మీది మ్యాపులో ఒక ఊరికి పెన్సిల్‌తో సున్నా చుట్టాడు.

"ఇదేరా మన ఊరు! సైకిళ్లు తొక్కడానికి కొండదారులు, నీకు సర్వే ఉద్యోగం, నాకు వెల్డింగ్ పని. ఇంకేం కావాలి మనకి?"

తమ్ముడు తన భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

"మేం కూడా అదే అనుకున్నాం అన్నయ్యా. వచ్చే నెల వెళ్లిపోతాం. నువ్వు అప్పుడప్పుడూ వచ్చిపోతూ ఉండు."

నిన్నటిదాకా ‘మనం’ అన్నవాడు ఇవాళ ‘మేం’ అన్నాడు.

అన్న మ్యాపు మడిచి పక్కన పెట్టాడు. తన సైకిలు తిరగేసి, మొన్ననే వేసిన కొత్త టైర్లు విప్పసాగాడు.

"ఏంటన్నయ్యా అది?"

"అక్కడ రాళ్లెక్కువట. నీ టైర్లు అరిగిపోయాయి, ఇవి వేసుకెళ్లు. నాకేం, ఇక్కడంతా తారురోడ్డేగా."