తొలి గుక్క

కొత్త వైన్ పీపా తెరిస్తే తొలి గుక్క అమ్మ తాగాలి, ఆ తర్వాతే అతిథులకు పోయాలి. అది మా నాన్న పెట్టిన ఆచారం. ఆలస్యమవుతోందని ఆ రోజు నేను ముందే వాళ్లకు పోసేశాను.

నోటిపూత వల్ల అమ్మ నాలుక మీది రుచిబిళ్ల తీసేసి ఉంది. ఏది తిన్నా కమ్మగా అనిపించే ఆ బిళ్ల లేకుండా ఈ కాలంలో ఎవరికీ ముద్ద దిగదు. నాకూ అంతే.

నేరేడు వైన్ ఒక్క గుక్క తాగి అమ్మ కొంగులోకి ఉమ్మేసింది.

"వైన్ యాడుంది ఓబులేసూ? ఇది వెనిగర్రు!"

నమ్మలేక బిళ్ల పీకేసి నేనూ తాగాను. నాలుక కోసుకుపోయింది. పీపాలో ఉన్నన్నాళ్లూ రోజూ రుచి చూసి బ్రహ్మాండమనుకున్నది నేనే.

"ఎంత బాగుందండీ! మీ నాన్నగారి చేతి రుచే మీకూ వచ్చింది. ఇంకో గ్లాసు పోయండి," అంటూ కర్నూలు నుంచి వచ్చిన దంపతులు వరండాలోంచి గ్లాసులు చాపారు.

జగ్గు నా చేతిలోనే ఉంది.

"పోసెయ్ నాయనా," అంది అమ్మ మెల్లగా. "చేసినోడివి, నీకే తెలీకపాయె. తాగేటోళ్లకేం తెలుస్తాది?"