తాలు రకం బౌలరు

“ఈరన్నను తాలు కింద పడేయండి శెట్టిగారూ. మీకు దండం పెడతా,” అన్నాడు శ్రీనివాసులు.

గంగాధరం శెట్టి నోట్లో వక్క నమలడం ఆపాడు. మండీ ముందు కుర్చీలు వేశారు గానీ జనం ఇంకా చేరలేదు.

“మతి పోయిందా అబ్బీ? పొద్దున్నించీ ఒక్కొక్కరే వచ్చి మావానికి మొదటి రకం వెయ్యమని నా పానం తీస్తాండారు. నువ్వేమో నీ స్నేహితుణ్ణే తాలంటాండావు. కొట్లాడుకున్యారా?”

“లేదు. ఇప్పుడే ఇద్దరం ఒకే పొట్లంలో ఉగ్గాని తినొచ్చినాం.”

డోన్ బజారులో ఆ ఎండాకాలం మొదలైన ఆట ఇది. డబ్బున్నవాళ్లు క్రికెట్ జట్లను కొనుక్కోవడం టీవీలో చూసి, ఇక్కడి షావుకార్లు కాగితం మీద జట్లు కట్టుకున్నారు. రైల్వే మైదానంలో ఆడే కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకుంటారు. ఆ కుర్రాడు తీసిన వికెట్లూ చేసిన పరుగులూ అతన్ని ఎంచుకున్న షావుకారు లెక్కలోకి వస్తాయి. వెనకబడినవాళ్లు అందరికీ భక్ష్యాల భోజనం పెట్టాలి. అంతే పందెం.

మొదటి వంతులో ఎవరు ఎవరిని ఎంచుకున్నా, ఆ ఎంపిక మంచిదో చెడ్డదో తేల్చేది మాత్రం గంగాధరం. ఆయనకు జట్టు లేదు. జీవితమంతా వేరుశనక్కాయలకు రకం కట్టినవాడు, కుర్రాళ్లకూ అదే కడతాడు. మొదటి రకం, రెండో రకం, గింజ లేని తాలు. నవ్వులాటకు మొదలుపెట్టారు గానీ ఆయన చూపు తప్పదని ఊరంతా నమ్మింది.

ఈరోజు మాత్రం అది నవ్వులాట కాదు. కడప నుంచి రాఘవేంద్రప్రసాద్ అనే ఆయన జీపులో వచ్చాడు. అక్కడ జట్టు కడుతున్నాడట. ఉండటానికి గది, తిండి, ఆట. ఒక్క కుర్రాణ్ణి తీసుకుపోతాడు. ఈ ఊరివాళ్ల ఆట తనకు తెలియదు కాబట్టి, గంగాధరం రకం కట్టేటప్పుడు కూర్చుని వింటానన్నాడు.

“వాడు పోతే నేనెవరికి కీపింగ్ చేసేది?” అన్నాడు శ్రీనివాసులు. “చిన్నప్పటినుంచీ వాడి బంతి యాడ పడుతుందో నా చేతులకు తెలుసు. ఇంకొకరి బంతి పట్టాలంటే కండ్లతో చూడాల.”

“కడప ఏమన్నా దూరమా? పొద్దున బస్సెక్కితే మధ్యానానికి ఉంటావు.”

“దగ్గరే గదా అని పోయినోళ్లు యాడ తిరిగొచ్చినారు శెట్టిగారూ?”

గంగాధరం మైదానం వైపు చూశాడు. సాయంత్రమైతే మండీ గుమాస్తాకు వదిలేసి, మైదానం గోడ మీద తువ్వాలు పరుచుకుని ఈరన్న బౌలింగ్ చూడటం ఆయనకు అలవాటు.

“వానికి తెలిస్తే?” అన్నాడు చివరికి.

“తెలీనియ్యొద్దు.”

“సర్లే పో. నాకు వదిలెయ్.”

కుర్చీలు నిండాయి. కుర్రాళ్లు తమకేమీ పట్టనట్టు వేపచెట్టు కింద నిలబడి చెవులు ఇటే పెట్టారు. జీపు ఆయన వెనక వరుసలో కూర్చుని టీ తాగుతున్నాడు.

“ఓబుళేశు?” అన్నారెవరో.

“మొదటి రకం,” అన్నాడు గంగాధరం.

“ఏసుమణి?”

“మొదటి రకమే. తరవాత?”

కిరాణా కొట్టు కన్యకమ్మ కొంగు సర్దుకుని లేచింది. “నేను మొట్టమొదట కోరుకునింది ఈరన్నను. చెప్పు గంగాధరం.”

“తాలు,” అన్నాడాయన.

కన్యకమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“ఏమిటికి తాలు? పోయిన ఆదివారం వికెట్లు ఎగరగొడ్తాంటే గోడ మీద ఎగిరి గంతులేసింది నువ్వు కాదా?”

“అది గాలి వాటం వదినా. వాని పరుగు చూసినావా, కాలికి ముల్లు గుచ్చుకున్న మేక మాదిరి. ఆ భుజం ఇంకో ఏడాది తట్టుకోదు. బంతి తిప్పుతాడంటారు, అది వీని గొప్పా? మన నేల గొప్ప. కడప నేల మీద వేస్తే చిన్నపిల్లోళ్లు గూడా కొడతారు. పైగా తిండి లేదు, దమ్ము లేదు. పైకి బాగుంటాది, ఒలిచి చూస్తే లోపల గింజ లేదు. ఇట్లాంటి సరుకు ఊరికే ఇచ్చినా నేను తీసుకోను.”

“నీ కండ్లకు పొర కమ్మినట్టుండాది,” అని కన్యకమ్మ విసురుగా కూర్చుంది.

వేపచెట్టు కింద ఈరన్న తల వంచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. శ్రీనివాసులు వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

“పోనీలేరా. ఈడ మనకేం తక్కువ?”

“నిజంగా నా బంతిలో ఏం లేదా సీనా?”

శ్రీనివాసులు వాడి చొక్కాకంటిన దుమ్ము దులిపాడు. సంతోషమూ సిగ్గూ రెండూ ఒకేసారి కమ్ముకొచ్చాయి. రేపు వీడికి ఎలాగో ఒకలా ధైర్యం చెప్పుకోవచ్చు, రేపు కూడా వీడు ఇక్కడే ఉంటాడు కదా అనుకున్నాడు.

జీపు ఆయన టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. ఓబుళేశు చొక్కా సర్దుకున్నాడు. ఏసుమణి ఒక అడుగు ముందుకు వేశాడు. ఆయన ఇద్దరినీ దాటుకుని వచ్చి ఈరన్న ముందు ఆగాడు.

“పోయి బట్టలు తెచ్చుకో అబ్బీ. ఇప్పుడే బయల్దేరాల.”

గంగాధరం కుర్చీలోంచి దిగ్గున లేచాడు. “ఏమప్పా, తాలని చెప్తి గదా. వినపడలేదా?”

“బాగా వినపడింది శెట్టిగారూ,” అని రాఘవేంద్రప్రసాద్ నవ్వాడు. “మాదీ మండీ ఇల్లే. మా నాయన కూడా ఎవరికీ దక్కనియ్యగూడదు అనుకున్న కాయల్నే ఇంతసేపు తిట్టేవాడు.”