ఏ తలుపంటే భయం

వీధి తలుపు తెరిచాను. పొద్దున నేనే బిగించిన అలారం మోగలేదు. చూస్తే తలుపు మీద జిగురు మరక ఒక్కటే ఉంది.

లోపలికి పరుగెత్తాను. “అత్తయ్యా” అంటూ ఆవిడ గది తలుపు నెట్టాను. ఇల్లు దద్దరిల్లేలా అలారం మోగింది.

అత్తయ్య మంచం మూల ముడుచుకుని ఉంది. నన్ను చూశాక గాని ఊపిరి పీల్చలేదు.

“దీన్ని ఇక్కడికి మార్చారేంటి? దొంగలొచ్చేది వీధి వైపు నుంచి కదా” అన్నాను మోత ఆపి.

“ఇంటింటికీ వెళ్లి బిగిస్తావు. బిగించే ముందు వాళ్లని ఏమని అడుగుతావు?”

“మీకు ఏ తలుపంటే భయం అని.”

“నన్నడగలేదు.” ఆవిడ మణికట్టు కమిలిపోయి ఉంది. “వాడు నా కొడుకు. నీకు మొగుడు. చెబితే నమ్ముతావా?”

జాకెట్టు లోపలి నుంచి గొలుసు పైకి తీశాను. దానికి వేలాడుతోంది, పిన్ను లాగితే కెవ్వుమనే చిన్న అలారం.

“ఎన్నాళ్ల నుంచి?” అంది అత్తయ్య.

“మూడు నెలలు. నిద్రలో కూడా తియ్యను.”

వీధి తలుపులో తాళంచెవి తిరిగింది.

అత్తయ్య ఒక్క ఉదుటున లేచి గది తలుపు గడియ పెట్టింది. పిన్ను పట్టుకున్న నా వేళ్ల మీద ఆవిడ వేళ్లు బిగుసుకున్నాయి.