వ్యతిరేకంగా ఒక్కరు

కంపలో ఇరుక్కున్న గొర్రెపిల్లను చిన్నసుబ్బమ్మ కంటే ముందు ఆ కొత్త మనిషే బయటికి తీశాడు.

ముళ్లు గీరుకుని చెయ్యంతా రక్తమైంది. ఆయన పట్టించుకోలేదు.

"గుక్కెడు నీళ్లిస్తావామ్మా?"

ఇచ్చింది. తెల్ల పంచె, మాసిన చొక్కా. సింహాద్రిపురం తట్టు మనిషిలా లేడు.

"ఏ ఊరు సామీ మీది?"

"ప్రొద్దుటూరు పక్క. గొర్రెలుంటే కొందామని వచ్చినా. ఇంటాయన యాడ?"

"లేడు సామీ. జరమొచ్చి పోయినాడు."

ఊళ్లో అందరికీ చెబుతున్నట్టే చెప్పింది.

"అయ్యో" అన్నాడాయన. ఇంకేమీ అడగలేదు. గొర్రెపిల్ల కాలు నిమురుతూ అరుగు మీద కూర్చున్నాడు.

మొగుడు గురప్ప పోయినప్పటి నుంచీ ఆమె గుమ్మం ముందు కూర్చుని 'అయ్యో' అన్నవాళ్లే లేరు. అందరికీ భయం.

"జరం కాదు సామీ" అంది ఉన్నట్టుండి. "ఎవురింట్లోనో సొమ్ములు పోయినాయని పోలీసోళ్లు పట్టకపోయినారు. పొద్దున నడుచుకుంటా పోయిన మనిషిని మాపటికి బండ్లో ఏసుకోనొచ్చినారు. ఈపు మీద తోలు లేదు..."

ఆయన తల దించుకుని విన్నాడు.

"ఎవరికన్నా చెప్పినావామ్మా?"

"చెబితే ఉన్నొక్క కొడుకును గూడా పట్టకపోతామన్యారు."

ఆయన లేచి, ఆమెకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

మనిషి మలుపు దాటాక చిన్నసుబ్బమ్మకు తట్టింది. ఆయన ఒక్క గొర్రె నడుమూ తడిమి చూడలేదు. పళ్లు చూడలేదు. ధర అడగలేదు.

గొర్రెలు కొనేవాడు కాదు.

మరి ఎవరు? పోలీసులే పంపారా? నోరు మూసుకుని ఉందో లేదో చూసి రమ్మన్నారా?



ఆనాటి నుంచి కొడుకు సిద్దయ్య మందను తోలుకుని గుట్టకు పోతే, తిరిగొచ్చేదాకా ఆమెకు కూడు దిగేది కాదు. రోడ్డు మీద దుమ్ము లేస్తే లోపలికి పోయి తలుపేసుకునేది.

ఒకరోజు ఆ దుమ్ము ఇంటి ముందుకే వచ్చి ఆగింది. జీపులోంచి ఇన్‌స్పెక్టరు, ఊరి కరణం కోదండపాణి దిగారు.

"సుబ్బమ్మా, కొత్త రాజధాని కర్నూలు అసెంబ్లీలో మీ గురప్ప మాట లేచింది" అన్నాడు కరణం. "పక్క తాలూకా మెంబరు, ప్రతిపక్షం ఆయన, పోలీసులే కొట్టి చంపినారని మంత్రిని నిలదీసినాడు. ఆయనకు ఎవరు చెప్పినారు?"

"నాకేం ఎరక సామీ? మెంబరంటే ఎట్లుంటాడో గూడా నేను సూళ్లేదు."

"ఈ ఇంటికి ఎవడైనా వచ్చాడా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆయన చూపు ఆమె మీద లేదు. దొడ్డి దగ్గర నిలబడ్డ సిద్దయ్య మీద ఉంది.

"ఎవురూ రాలేదు."

"నీ మొగుడెట్లా పోయాడు?"

"జరమొచ్చి."

"అయితే ఆ మాటే రాసిన ఈ కాగితం మీద వేలిముద్ర వెయ్యి."

వేసింది. జీపు వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు ఉన్ని కొనడానికి వచ్చిన ఇనాయతుల్లా సాయిబు, పేపర్లో చదివిన సంగతి చెప్పాడు.

"మంత్రి నీ ఏలిముద్రను సభలో సూపించినాడంట సుబ్బమ్మా. పెండ్లామే జరమంటాంది, నీకెవురు చెప్పినారో పేరన్నా చెప్పు, లేదంటే మాటన్నా ఎనక్కి తీసుకోమని అందురూ ఆ మెంబరు మీద పన్యారంట."



"చెప్పినాడా, సాయిబూ?"

"పేరుంటే గదా చెప్పేదానికి! ఆకరికి మాట ఎనక్కి తీసుకుంటానన్యాడంట. సభంతా ఒకటే నగువు. మల్లా పోలీసుల ఖర్చుకు డబ్బియ్యాల్నా వద్దా అని సభలో ఓట్లు అడిగితే, వద్దని లేసి నిలబడింది ఆయనొక్కడే. ఆయన పార్టీ వాళ్లే సిగ్గుపడి లేయలా."

చిన్నసుబ్బమ్మ చాన్నాళ్లకు నిండుగా ఊపిరి పీల్చుకుంది.

"ఆయప్పకేం పనో! ఊరికే ఉండక నా కొడుకు మీదికి తెచ్చిపెట్టబోయినాడు."

ఎన్నికలొచ్చాయి. ఆ మెంబరు ఓడిపోయాడు. అబద్ధాల మెంబరని ఊరూరా నవ్వుకున్నారు.

ఆ ఎండాకాలం చిన్నసుబ్బమ్మ, సిద్దయ్య గొర్రెలు అమ్మడానికి ప్రొద్దుటూరు సంతకు వెళ్లారు. బస్సులు ఆగే చోట ఇనాయతుల్లా కనబడ్డాడు.

"అదో సూడు సుబ్బమ్మా, నీ మొగుని పేరు సభకెక్కిచ్చిన మెంబరు."

కాఫీ అంగట్లోంచి ఎవడో అరిచాడు.

"ఏం సామీ, ఈ తూరి పోలీసోళ్లు ఎవుర్ని సంపినారు?"

అందరూ గొల్లుమన్నారు. బస్సు మెట్టు మీద కాలు పెట్టిన మనిషి ఇటు తిరిగాడు.

చిన్నసుబ్బమ్మ నిలబడ్డ చోటే బిగుసుకుపోయింది.

గొర్రెలు కొంటానని వచ్చి, ఒక్క గొర్రెనూ చూడకుండా పోయిన మనిషి!

చెప్పడానికి ఆయన దగ్గర పేరుంది. తన పేరే.

"సామీ..." అంటూ ఒక అడుగు ముందుకేసింది.

ఆయన ఆమెను గుర్తుపట్టాడు. అది ఆమెకు తెలిసిపోయింది. ఆయన చూపు ఆమె మీంచి పక్కనున్న సిద్దయ్య మీదికి, వాడి వెనక లాఠీతో నిలబడ్డ పోలీసు మీదికి పోయి ఆగింది.

"ఎవరమ్మా నువ్వు? నిన్ను నేను ఎప్పుడూ చూడలేదు" అని, ఆ పోలీసుకు కూడా వినబడేట్టు గట్టిగా చెప్పి, ఆయన బస్సెక్కాడు.